పాల లెక్కలకు పాస్‌వర్డు పెట్టించండి

పూటపూటా పోసిన పాలు, వెన్న శాతం, ధర కంప్యూటరులో వ్రాసే సంఘాల సభ్యులకు మా మనవి. ఆ లెక్కలు మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఉన్నట్లయితే, వాటిని బ్రౌజరులో పట్టికలుగా చూపే ఉచిత సాధనం పిహెచ్‌పి మైఅడ్మిన్. ఇది 1998లో వెలువడినది. ఎక్సాంప్‌తో పాటే వస్తుంది గనుక పెట్టుకోవడం పెద్ద పని కాదు. చిక్కంతా ఆ తరువాతనే.

ఎక్సాంప్‌లో అన్ని హక్కులూ గల 'రూట్' ఖాతాకు మొదట పాస్‌వర్డే ఉండదు. ఆ కంప్యూటరు ముందు కూర్చున్నవారెవరైనా 6.5 వెన్నను 5.5గా దిద్దవచ్చు. నష్టం పాలు పోసినవారిది. అందుచేత రూట్‌కు పాస్‌వర్డు పెట్టి, సెట్టింగుల ఫైలులో 'ఆథ్ టైప్' ఎదుట 'కుకీ' అని వ్రాయించాలి. అప్పుడు లోపలికి వెళ్ళేవారిని పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. పాల లెక్కల ప్రోగ్రాము కూడా రూట్ పేరుతోనే నడుస్తుంటే అందులోనూ కొత్త పాస్‌వర్డు ఇవ్వాలి. లేకుంటే సాయంత్రం పూట పని ఆగిపోతుంది. ఆ పాస్‌వర్డును గోడ క్యాలెండరు మీద వ్రాయరాదని వేరే చెప్పాలా!

లెక్కలు చూసేవారికి 'సెలెక్ట్' హక్కు మాత్రమే ఉన్న ఖాతా చాలు. దానితో దిద్దడం కుదరదు. బిల్లు చేసిన రోజున 'ఎక్స్‌పోర్ట్' నొక్కి నకలు తీసి వేరొకచోట భద్రపరచాలి. సభ్యులు మాత్రం పూట చీటీలను పారవేయవద్దు. కంప్యూటరులో అంకె మారినదో లేదో సరిచూసుకొనడానికి వారి చేతిలో ఉండేవి అవే.