మార్వాడీ యిల్లాలి మాట

మార్వాడీయనఁగా వడ్డీవ్యాపారియని మనలోఁ బెక్కుర తలంపు. ఆ పేరు వృత్తినిబట్టి వచ్చినది కాదు. రాజస్థానమున జోధపురము చుట్టునున్న మార్వాడు సీమనుబట్టి వచ్చినది. షేఖావాటినుండి వచ్చినవారిని గూడ మన మా పేరితోనే పిలుచుచున్నాము.

మా శంకరంపేట యంగడివీధిలో నొక మార్వాడీ కుటుంబము గలదు. యజమాని కొట్టులోఁ దెలుఁగే మాటాడును. ఇల్లాలు వంటింటఁ బిల్లలతో మాటాడునది మార్వాడీ. పెద్దకూఁతురు దానికిఁ దెలుఁగున బదులు చెప్పును. తల్లి కోపింపక మరల మార్వాడీలోనే యడుగును.

వినువారి కది హిందీయే యని తోఁచును గాని, సోదరీమణులారా, మీరును శ్రద్ధగా వినుఁడు. హిందీవారు "మేరా, తేరా" యనుచోట వీరు "మ్హారో, థారో" యందురు. నేఁటి హిందీకి లేని "ళ"కారము వీరి నోటఁ గలదు. అంతకంటె వింత మఱొకటి. తెలుఁగున "మేము" వేఱు, "మనము" వేఱు. సంస్కృతమున రెంటికిని "వయమ్" ఒక్కటే. హిందీలో "హమ్" ఒక్కటే. మార్వాడీలో మాత్రము మనకువలెనే రెండును గలవు: మేమునకు "మ్హే", మనమునకు "ఆపాఁ". అందుచేతనే కాఁబోలు, ఆ యిల్లాలు తెలుఁగు నేర్చునపుడు ఈ భేదమున నొక్కనాఁడును దడఁబడలేదఁట!

జోధపురపు మాట, బికానేరీ, గోడ్వాడీ, ఎడారిపట్టున థళీ యని ఇందు భేదము లనేకము. మేవాడీని గొంద ఱిందే చేర్తురు. జయపురపు ఢూండాడీ దీనికిఁ దోఁబుట్టువు.

పూర్వము వర్తకులు పద్దులు మహాజనీ లిపిలో వ్రాసెడివారు. అందు గుణింతపు గుర్తులు తఱచుగా నుండవు. దీనిపై నొక హాస్యకథ గలదు. యజమాని అజ్మీరునకుఁ బోయినాఁడు, పెద్ద "బహీ"ని, అనఁగాఁ బద్దుపుస్తకమును బంపుఁడని గుమాస్తా వ్రాసెనఁట. ఇంటివారు దానిని "ఆజ్ మర్" అని చదివి, యజమాని నేఁడు మరణించెను, పెద్ద "బహూ"ను, అనఁగాఁ గోడలిని బంపుఁడని గ్రహించి గొల్లుమనిరఁట!

హైదరాబాదు బేగంబజారున మార్వాడీ వర్తకులు తరతరములుగా నున్నారు. ఆ నగరపు మార్వాడీ కుటుంబమునఁ బుట్టిన బదరీవిశాల పిత్తీ 1949లో స్థాపించిన "కల్పన" పేరుపొందిన పత్రికయే. కాని యది హిందీపత్రిక. అంగడికిఁ దెలుఁగు, అచ్చునకు హిందీ చాలినవి. మార్వాడీకి మిగిలినది యిల్లాలి నోరే.

2011 జనాభా లెక్కలలోఁ దమ మాతృభాష మార్వాడీయని చెప్పినవారు సుమారు 78 లక్షలు. ఆ సంఖ్యను లెక్కలవారు హిందీలోఁ గలిపిరి. రాజస్థానీని రాజ్యాంగపు 8వ షెడ్యూలులోఁ జేర్పవలెనని 2003లో రాజస్థాన శాసనసభ తీర్మానించినను అది నెఱవేఱలేదు. సాహిత్య అకాడమీ మాత్రము రాజస్థానీ గ్రంథములకు బహుమతు లిచ్చుచున్నది.

లెక్కలవారు మరల వచ్చినపుడు హిందీయని చెప్పి పంపుట సులభమే. ఆ యిల్లాలు మాత్రము మార్వాడీయనియే వ్రాయింపవలెనని భర్తతో నిప్పుడే చెప్పియుంచినదఁట.