ఫొటోలో మొహం పసుపు... ఇంటి దగ్గర బెంగ

పండగ ఫొటో పంపగానే ఊళ్లో అమ్మ ముందు చూసేది మొహమే. "పచ్చబడ్డావేంరా, కామెర్లా?" అని కంగారు పడుతుంది. చాలాసార్లు ఆ పసుపు మనది కాదు, బల్బుది.

సిడ్నీ శివార్లలోని స్కోఫీల్డ్స్‌లో సైటు పనులు చూసే నాకు ఈ తేడా రోజూ కనిపిస్తుంది. ఒకే తెల్లగోడ కెమెరాలో నీడన నీలంగా, బల్బు కింద పసుపుగా పడుతుంది. మన కన్ను తనే సర్దుకుంటుంది. కెమెరా ఆటోలో ఒక్కోసారి పొరబడుతుంది, అప్పుడు మనమే చెప్పాలి. అదే వైట్ బ్యాలెన్స్.

వెలుగు రంగుని కెల్విన్లలో లెక్కిస్తారు. పసుపు బల్బు సుమారు 3,000, మధ్యాహ్నపు ఎండ 5,500, నీడ 7,000 దాకా. మెనూలో బల్బు, ట్యూబ్‌లైటు, ఎండ, మబ్బు, నీడ బొమ్మలుంటాయి. ఉన్న వెలుగుకి తగ్గది పెట్టండి. కుదరలేదా, అదే వెలుగులో తెల్లకాగితం ఫొటో తీసి 'కస్టమ్'లో ఎంచుకోండి. చోటు మారితే సెట్టింగూ మార్చాలి. కిటికీ వెలుగు, బల్బు వెలుగు కలిస్తే ఏదీ పూర్తిగా కుదరదు. బల్బు ఆర్పేసి కిటికీ దగ్గర నిలబడండి.

ఇవన్నీ చేశాక, పగటి వెలుగులో అద్దంలో కూడా కళ్లు పచ్చగానే ఉంటే తప్పు బల్బుది కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి.