ఏబీఎస్ దీపం ఎందుకు ఆరదు?

కంబదూరు నుంచి కళ్యాణదుర్గం కారులో బయల్దేరారు. తాళం తిప్పగానే వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాల్సిన పసుపు 'ఏబీఎస్' దీపం ఆరలేదు. మామూలు బ్రేకులు పనిచేస్తాయి. గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారకుండా ఆపే సాయమే ఉండదు.

1978లో బాష్ కంపెనీ మెర్సిడెస్ కార్లకు అందించిన ఏబీఎస్‌లోనూ కీలకం చక్రం దగ్గరి సెన్సరే. పాత రకం సెన్సరంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ. ఎదురుగా పళ్ల చక్రం తిరిగితే చిన్న కరెంటు పుడుతుంది, సైకిల్ డైనమోలాగే. ఆ కరెంటు తీరును బట్టి కంప్యూటర్ చక్రం వేగం లెక్కగడుతుంది. తీగ తెగితే ఆ లెక్క అందదు, దీపం వెలుగుతుంది.

కారు కంప్యూటర్‌లోని లోపాన్ని చదివే స్కానర్ పెడితే 'కుడి ముందు చక్రం' అని చెబుతుంది. వెంటనే సెన్సర్ మార్చేస్తారు చాలామంది. అది తొందరపాటు! స్కానర్ చూపేది దారిని, దొంగను కాదు. ముందు కనెక్టర్ ఊడదీసి చూడాలి: ఎర్రదుమ్ము చేరిందా? పిన్ను మీద పచ్చటి చిలుము ఉందా? తర్వాత మల్టీమీటర్‌తో సెన్సర్ నిరోధం కొలవాలి. పాత రకానికి సాధారణంగా వెయ్యి ఓములకు అటూఇటూ ఉంటుంది. మీటరు అసలేమీ చూపకపోతే లోపల తీగ తెగినట్టే. కొలత సరిగ్గా ఉంటే వైరును వేళ్లతో కదిలిస్తూ మళ్లీ చూడాలి. చక్రం తిరిగే చోట వంగి వంగి అది లోపలే తెగుతుంది. కొత్తరకం సెన్సర్లకు ఈ ఓముల పరీక్ష పనికిరాదు.

పసుపు దీపంతోపాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే బండిని పక్కన ఆపండి.