జామ్‌లో చిక్కుకున్నది ఎందరు?

ట్రాఫిక్ నత్తనడకన సాగే నగరాల జాబితా ఏటా వస్తుంది. అందులో మన ఊరి ర్యాంకు చూసి వాపోవడం, ఆ వెంటనే ఇంకో ఫ్లైఓవర్ అడగడం అలవాటైపోయింది. అసలు కొలవాల్సింది బండ్ల వేగాన్నేనా?

నావిగేషన్ సేవలందించే టామ్‌టామ్ సంస్థ 2023 సంవత్సరానికి ఇచ్చిన జాబితాలో మొదటి స్థానం లండన్‌ది. నగరం నడిబొడ్డున కారులో పది కిలోమీటర్లు వెళ్లడానికి అక్కడ సగటున 37 నిమిషాలకు పైగా పట్టింది. బెంగళూరు ఆరో స్థానంలో, పుణె ఏడో స్థానంలో ఉన్నాయి. ఆ రెండు చోట్లా పట్టిన సమయం 28 నిమిషాలకు అటూ ఇటూ. ఈ అంకెలనే పట్టుకుంటే ఆఫీసుకు వెళ్లిరావడంలో బెంగళూరు ఉద్యోగి కన్నా లండన్ ఉద్యోగే ఎక్కువ అవస్థ పడుతున్నాడనుకోవాలి. కానీ పొద్దుటి రద్దీలో సెంట్రల్ లండన్‌కు చేరేవాళ్లలో కారులో వచ్చేది పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు. తక్కిన వాళ్లంతా భూగర్భ రైలో, శివారు రైలో, బస్సో, సైకిలో పట్టుకుని వస్తారు. పైన కార్లు బారులు తీరి నిలబడ్డా, కింద సొరంగాల్లో రెండు మూడు నిమిషాలకో రైలు జనాన్ని దించి పోతూనే ఉంటుంది. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద బండ్లు ఆగాయంటే మాత్రం మనుషులూ ఆగిపోయినట్టే. కారు ఆగుతుంది, దాని వెనక బస్సూ ఆగుతుంది. జాబితా కొలిచింది కార్ల వేగాన్ని. జనం కష్టానికి అందులో గడి లేదు.

లక్షల మందికి ఒకే వేళకు ఒకే వైపు పని పడుతుంది కాబట్టే అది మహానగరమైంది. అందుకే ఏ పెద్ద ఊళ్లోనూ రద్దీ వేళ అనేది పూర్తిగా పోదు. ఊరికీ ఊరికీ తేడా వచ్చేది, ఆ రద్దీలో చిక్కుకోక తప్పనివాళ్లు ఎందరు, పక్కదారి పట్టగలిగినవాళ్లు ఎందరు అన్న దగ్గర. ఆ పక్కదారి కట్టిన నగరాలు గట్టెక్కాయి. రోడ్డునే వెడల్పు చేస్తూ పోయిన నగరాలు కోట్లు కుమ్మరించి మళ్లీ మొదటికొచ్చాయి.

వెడల్పు చేసిన కొద్దీ...

అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే ఈ తిరకాసును వివరించాడు. రోడ్డు ఇరుకుగా ఉందని కొందరు వేరే దారిన పోతుంటారు, కొందరు గంట ముందే బయల్దేరతారు, కొందరు రైలెక్కుతారు. రోడ్డు వెడల్పయిందని తెలియగానే ఈ మూడు రకాలవాళ్లూ ఒకే వేళకు అక్కడికే చేరతారు. 2011లో డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలన్నీ తీసి చూస్తే, లేన్లు ఎంత శాతం పెరిగితే అక్కడ బండ్లు తిరిగే దూరం కూడా ఇంచుమించు అంతే శాతం పెరిగినట్టు తేలింది. టెక్సస్‌లోని హ్యూస్టన్ ఇందుకు పెద్ద సాక్ష్యం. అక్కడి కేటీ ఫ్రీవేను 280 కోట్ల డాలర్లతో విస్తరించి 2008 నాటికి పని ముగించారు. పక్కనున్న సర్వీసు దారులతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్ల రోడ్డది. ఎందరో తెలుగువాళ్లు ఆఫీసుకు వెళ్లిరావడానికి వాడే దారి కూడా. 2011 నుంచి 2014 లోపు ఆ దారిన ప్రయాణ సమయం పొద్దున దాదాపు 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగింది.

మరి ఫ్లైఓవర్లన్నీ దండగేనా అని అడగొచ్చు. కాదు. నాలుగు వైపుల బండ్లు ఢీకొనే కూడలిలో వంతెన వేస్తే ఆ కూడలి తేలిక పడుతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు లేకపోతే ఊరు దాటిపోయే లారీలన్నీ నగరం మధ్యనుంచే పోవాల్సి వచ్చేది. రోడ్డు పెరిగితే ఎక్కువమంది తిరగగలుగుతారు, అదీ ప్రయోజనమే. అయితే రద్దీకి మందు అని చెప్పి వంతెన కడితేనే చిక్కు. మాదాపూర్, గచ్చిబౌలి చుట్టూ గత పదేళ్లలో దుర్గం చెరువు తీగల వంతెన, బయోడైవర్సిటీ, శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్లు వరసగా వచ్చాయి. ఒక్కో వంతెనా ఒక్కో కూడలిలో క్యూను తొలగించి, దిగువనున్న సిగ్నల్ దగ్గరికి చేర్చింది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఆ ప్రాంతం ఇప్పటికీ కిక్కిరిసే ఉంటోంది.

ఒక్క లేన్ లెక్క

సిగ్నళ్లున్న నగర రోడ్డు మీద ఒక లేన్‌లో గంటకు వెయ్యి కార్లు దాటడమే గొప్ప. కారుకు ఒకటిన్నర మంది చొప్పున వేసుకున్నా దాటేది 1,500 మంది. అదే లేన్‌ను బస్సులకే వదిలి, నిమిషానికో బస్సు నడిపి, బస్సుకు 60 మందిని ఎక్కిస్తే 3,600 మంది దాటతారు. రోడ్డు అంతే, తారు అంతే, దాటిన జనం మాత్రం రెండింతలు దాటిపోయారు. కొలంబియా రాజధాని బొగోటా 2000 డిసెంబరులో ఈ లెక్కను నమ్మి ట్రాన్స్‌మిలేనియో బస్సు వ్యవస్థను మొదలుపెట్టింది. రోడ్డు మధ్య లేన్లను బస్సులకు కేటాయించింది, స్టేషన్లలో టికెట్ ముందే తీసుకునే ఏర్పాటు చేసింది, వెనకొచ్చే బస్సు ముందున్నదాన్ని దాటిపోయేలా అదనపు లేన్ ఇచ్చింది. రద్దీ గంటలో ఒక దిశలో 40 వేల మందికి పైగా మోసే స్థాయికి చేరింది. చాలా మెట్రోలు మోసేది ఇంతకన్నా తక్కువే.

మన దగ్గర కార్లకన్నా బైకులే ఎక్కువ, అవి తక్కువ జాగాలో ఇమిడిపోతాయి, ఇక బస్సు ఎందుకు అన్నది బలమైన వాదనే. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా తీసుకెళ్లే బండిని ఎవరు మాత్రం కాదంటారు? కానీ దానికి చెల్లిస్తున్న మూల్యం కూడా లెక్కలో వేసుకోవాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోతే, వాళ్లలో దాదాపు 44 శాతం టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే. సరైన బస్సు లేక బైకు కొన్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లంతా కోరి ఎంచుకున్నారనడం న్యాయం కాదు.

రోడ్డుకు వెల కట్టిన నగరాలు

రద్దీ వేళ రోడ్డు అందరికీ చాలని సరుకు. చాలని సరుకును ఉచితంగా పెడితే క్యూ తప్పదు. సింగపూర్ 1975 జూన్‌లోనే నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు రోజుకు మూడు డాలర్ల లైసెన్సు పెట్టింది. 1990 నుంచి కారు కొనాలంటే వేలంలో అనుమతి పత్రం దక్కించుకోవాల్సిందే. 2023లో ఆ పత్రం ధరే లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. లండన్ 2003 ఫిబ్రవరి 17న ఐదు పౌండ్ల ప్రవేశ రుసుముతో మొదలుపెట్టి, 2020లో 15 పౌండ్లు చేసింది. స్టాక్‌హోమ్‌లో 2006 జనవరి నుంచి ఏడు నెలలు ప్రయోగాత్మకంగా వసూలు చేస్తే, వసూలు హద్దు దాటి వచ్చే బండ్లు సుమారు 20 శాతం తగ్గాయి. న్యూయార్క్ 2025 జనవరిలో మాన్‌హటన్ దిగువ భాగంలో తొమ్మిది డాలర్లు మొదలుపెట్టింది.

అన్నేళ్లుగా వసూలు చేస్తున్న లండనే 2023 జాబితాలో మొదటి స్థానంలో ఎందుకు నిలిచిందన్న ప్రశ్న సహజం. మొదటి ఏడాది అక్కడ లోపలికి వచ్చే బండ్లు 18 శాతం దాకా తగ్గాయి. అలా ఖాళీ అయిన జాగాను కార్లకే తిరిగి ఇవ్వకుండా బస్సు లేన్లకు, సైకిళ్లకు, నడిచేవాళ్లకు పంచారు. ఆపైన రోడ్ల తవ్వకాలు తోడయ్యాయి. దాంతో మిగిలిన కార్లు మళ్లీ మెల్లగానే నడుస్తున్నాయి. కార్ల వేగమే కొలమానమైతే ఇది ఓటమి. అదే రోడ్డు మీద ఎందరు మనుషులు వెళ్తున్నారన్నది చూస్తే మాట మారుతుంది.

వెల కట్టకుండా నిషేధంతో సరిపెట్టిన చోట జనం తెలివి చూపించారు. మెక్సికో సిటీ 1989లో నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి వారానికో రోజు కారు తీయొద్దంటే, చాలామంది వేరే నంబరుతో రెండో పాత కారు కొనుక్కున్నారు. జకార్తాలో ముఖ్య రోడ్ల మీద రద్దీ వేళ కారులో ముగ్గురైనా ఉండాలని నియమం పెడితే, కూలికి కూర్చునేవాళ్లు తయారయ్యారు. రోడ్డు పక్క నిలబడి ఒక్కరు కావాలంటే ఒక వేలు, ఇద్దరు కావాలంటే రెండు వేళ్లు చూపేవారు. చంకలో బిడ్డ ఉన్న తల్లిని ఇద్దరిగా లెక్కేసేవారు. బిడ్డలను అద్దెకు తెస్తున్నారన్న ఆరోపణలతో 2016లో ఆ నియమాన్ని ఎత్తేశారు. పరిశోధకులు ఫోన్ మ్యాప్‌ల లెక్కలు చూస్తే, ఆ రోడ్ల మీద జాప్యం పొద్దున 46 శాతం, సాయంత్రం 87 శాతం పెరిగింది. అంత లోపభూయిష్టమైన నియమం కూడా ఎంతో కొంత పని చేస్తూ వచ్చిందన్నమాట.

కుక్కితే సరిపోదు

జనాన్ని కదిలించడమే కొలమానమైతే ముంబైకి మొదటి బహుమతి ఇవ్వాలా? అక్కడి లోకల్ రైళ్లు కరోనాకు ముందు రోజుకు 75 లక్షల మందిని మోశాయి. రద్దీ వేళ చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది నిలబడే స్థితికి రైల్వే వాళ్లే పేరు కూడా పెట్టుకున్నారు. బోగీ ఆగకముందే ఎక్కేవాళ్లు, దిగాల్సిన స్టేషన్‌కు రెండు స్టేషన్ల ముందే గుమ్మం వైపు జరిగేవాళ్లు, తలుపు మూయని గుమ్మంలో కడ్డీకి వేలాడేవాళ్లు. పట్టాలు దాటుతూనో, జారిపడో ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. మనుషులను మోయడమంటే ఇది కాకూడదు. టోక్యోలోనూ రైళ్లు కిటకిటలాడతాయి. షింజుకు స్టేషన్ ఒక్కటే కరోనాకు ముందు రోజుకు 35 లక్షల మందిని చూసింది. తేడా ఎక్కడంటే, అక్కడ తలుపు మూసుకోందే రైలు కదలదు, తర్వాతి రైలు రెండు మూడు నిమిషాల్లో వస్తుంది. ఉద్యోగి రైలు పాసు ఖర్చును సంస్థలు భరించడం ఆనవాయితీ, దానిమీద పరిమితి దాకా పన్ను లేదు. బండి నిలుపుకోవడానికి సొంత జాగా ఉన్నట్టు రుజువు చూపితే తప్ప కారు కొనలేని చట్టం 1962 నుంచి ఉంది.

మన నగరాల సంగతి

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే వాహనాలను కాదు, మనుషులను కదిలించాలని రాసుకుంది. తర్వాత జరిగింది చూడండి. విజయవాడ, విశాఖల్లో బస్సుల కోసమని కోట్లు పెట్టి బీఆర్టీఎస్ రోడ్లు వేశారు. ఈ రోజు ఆ పేరు మిగిలింది తప్ప, బస్సుకు ప్రత్యేకమైన దారి మిగల్లేదు. బెంగళూరు 2019లో ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సులకు ఒక లేన్ కేటాయించింది, మెట్రో పనులు రాగానే మొదట పోయింది ఆ లేనే. హైదరాబాద్‌లో 69 కిలోమీటర్ల మెట్రో ఉంది. స్టేషన్లు ఆరు బోగీలకు సరిపడా కట్టి, మూడు బోగీల రైళ్లే నడుపుతున్నారు. 2019 చివర్లో ఆర్టీసీ సమ్మె ముగిశాక నగరంలో దాదాపు వెయ్యి సిటీ బస్సులు తగ్గిపోయాయి. 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలుకాగానే ఉన్న బస్సులు నిండిపోయాయి. బస్సు ఎక్కేవాళ్లు లేరన్న మాటకు అదే సమాధానం. ఎక్కేవాళ్లున్నారు, చాలినన్ని బస్సులే లేవు. ఉన్న బస్సు కూడా స్టాపు దగ్గర బస్‌బేలో ఆటోలు, క్యాబులు నిలబడి ఉంటే నడిరోడ్డు మీద రెండో వరసలో ఆగుతుంది. జనం బండ్ల మధ్యనుంచి పరుగెత్తుకొచ్చి ఎక్కాలి. ఆ రెండు నిమిషాలూ వెనకున్న కార్లన్నీ హారన్లు కొడుతూ బస్సునే తిడతాయి.

ఇక ఢిల్లీ ఉదాహరణ ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సు దారి వేసి, 2016లో పీకేశారు. దాని లోపాలు నిజమే. బస్సు, కారు రెండూ కూడలి దగ్గరే ఆగాల్సి రావడంతో సిగ్నళ్లు సాగిపోయాయి. అంత చిన్న ముక్క దాటాక బస్సు మళ్లీ మామూలు జామ్‌లోనే పడేది. అయితే జనం కంటికి ఎక్కువగా కనబడింది మరొకటి. ఖాళీగా కనిపించే బస్సు దారి పక్కన కదలని కార్ల వరస. నిమిషానికో బస్సు వెళ్లే దారి, మధ్యలో మిగిలిన సమయమంతా ఖాళీగానే కనిపిస్తుంది. ఆ ఖాళీలోంచే కార్ల లేన్‌ కన్నా ఎక్కువమంది దాటిపోగలరు. అహ్మదాబాద్ 2009లో మొదలుపెట్టిన జన్‌మార్గ్ బస్సు దారిని ముక్కగా వదలకుండా పెంచుకుంటూ పోయింది, అది నిలిచింది.

వెల కట్టడం పేదవాడిని కొట్టడమే అన్నది మిగిలిన పెద్ద అభ్యంతరం. రద్దీ వేళ నగరం నడిమధ్యకు ఒంటరిగా కారులో వచ్చేవాళ్లలో పేదలు ఎందరు? లండన్ మోటార్‌సైకిళ్లను ఆ వసూలు నుంచి మినహాయించింది, మనమూ మినహాయించవచ్చు. ఇప్పుడు నష్టపోతున్న పేద ఫుట్‌బోర్డు మీద వేలాడే బస్సు ప్రయాణికుడు. తాను కారణం కాని జామ్‌లో అందరితో సమానంగా ఆగిపోతున్నాడు. పక్కదారి లేకుండా వసూలు మొదలుపెడితే మాత్రం అది మూలిగే నక్క మీద తాటిపండే. అందుకే వరస ముఖ్యం. లండన్ వసూలు మొదలైన రోజుకు 300 అదనపు బస్సులు రోడ్డు మీదున్నాయి. స్టాక్‌హోమ్ వసూలుకు నాలుగు నెలల ముందే దాదాపు 200 కొత్త బస్సులు దింపింది.

అక్కడి ప్రజలు మొదట ఒప్పుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రయోగానికి ముందు స్టాక్‌హోమ్‌లో మూడోవంతు మందే సమర్థించారు. ఏడు నెలలు కళ్లారా చూశాక 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయం అడిగితే నగరవాసుల్లో సగానికి పైగా ఔనన్నారు. 2007 ఆగస్టు నుంచి ఆ వసూలు శాశ్వతమైంది. హైదరాబాద్ కూడా అలాంటి పరీక్షతోనే మొదలుపెట్టవచ్చు. జేఎన్టీయూ నుంచి హైటెక్ సిటీ మీదుగా గచ్చిబౌలి దాకా ఒక్క లేన్‌ను ఆరు నెలలు బస్సులకే ఇవ్వాలి. నిమిషానికో బస్సు నడపాలి, బస్‌బేలను ఖాళీగా ఉంచాలి, కార్ల నుంచి పైసా వసూలు చేయకూడదు. ఆ లేన్‌లో గంటకు ఎందరు దాటారో, పక్క లేన్‌లో ఎందరు దాటారో ప్రతి నెలా బహిరంగంగా ప్రకటించాలి. కార్ల లేన్‌లోనే ఎక్కువమంది దాటితే ప్రయోగం ఆపేయొచ్చు, ఖర్చు ఒక ఫ్లైఓవర్ స్తంభాలకు అయ్యేంత కూడా ఉండదు. బస్సు లేన్‌లో ఎక్కువమంది దాటితే మాత్రం, తర్వాతి వంతెనకు టెండర్ పిలిచే ముందు ఆ అంకెకు ప్రభుత్వం జవాబు చెప్పాల్సి ఉంటుంది.