చుక్క చెప్పే గుట్టు

పత్తికి ఆదోని, నేతకు ఎమ్మిగనూరు... ఈ రెండూళ్ల మధ్య ఒకప్పుడు దర్జాగా తిరిగిన తాతల నాటి బుల్లెట్‌ను మళ్లీ రోడ్డెక్కించాలంటే ముందు ఆయిల్ కారడం ఆగాలి. మద్రాసులో తయారైన ఈ బండికి లీకులు కొత్తేం కాదు. చిక్కల్లా చుక్క పడిన చోటే లీకుందనుకోవడంతోనే! పైన కారిన ఆయిల్ ఇంజిన్ వెంట జారి, గాలికి వెనక్కి పాకి ఎక్కడో రాలుతుంది. అందుకే ఇంజిన్‌ను కిరసనాయిలుతో కడిగి, బాగా ఆరాక టాల్కం పౌడర్ చల్లి స్టార్ట్ చేయాలి. పౌడర్ మొదట తడిసిన చోటే అసలు దొంగ. అది తేలకుండానే బోల్టులు బిగిస్తే మరలు పోతాయి. పోనీలే అని వదిలేస్తే వెనక టైరుకు ఆయిల్ అంటి బండి జారొచ్చు. నెలల తరబడి కదలని బుల్లెట్‌లో ఆయిల్ క్రాంక్‌కేసులోకి దిగి, స్టార్ట్ చేయగానే బ్రీదర్ గొట్టంలోంచి బయటికొస్తుంది. అది లీకు కాదు. కంగారుపడి ఇంజిన్ విప్పించేముందు ఆ గొట్టం చూడండి!