పసుపు - స్థూలభక్షక కణాలు: గాజుపాత్రలో ఫలితం, శరీరంలో ఫలితం

చేవెళ్లలో గానీ మొయినాబాద్‌లో గానీ ఎవరైనా కీళ్లు నొస్తున్నాయంటే, పాలలో చెంచాడు పసుపు వేసుకుని తాగమని పెద్దలు చెబుతారు. ఈ సలహాకు శాస్త్రీయ ఆధారం ఎంత? ఈ భాగంలో పరిశీలిద్దాం.

పసుపుకు రంగునిచ్చే ప్రధాన పదార్థం కుర్కుమిన్. పసుపు పొడి బరువులో ఇది సుమారు 3 శాతం ఉంటుంది.

చర్యావిధానం

స్థూలభక్షక కణాల కణద్రవ్యంలో ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రోటీన్ ఉంటుంది. విశ్రాంతి స్థితిలో ఐ-కప్పా బి అనే మరో ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచుతుంది. బాక్టీరియాకు చెందిన లిపోపాలీశాకరైడ్ ఈ కణాలకు తగిలితే ఒక కైనేజ్ ఎంజైమ్ ఉత్తేజితమై, ఐ-కప్పా బి విచ్ఛిన్నమవుతుంది. అప్పుడు ఎన్‌ఎఫ్-కప్పా బి కేంద్రకంలోకి ప్రవేశించి, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్‌ల జన్యువులను పనిచేయిస్తుంది. ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలగడానికి ఇవి తోడ్పడతాయి. రుమటాయిడ్ కీళ్లవాతంలో కీళ్లలోని స్థూలభక్షక కణాలు టీఎన్‌ఎఫ్-ఆల్ఫాను అధికంగా విడుదల చేస్తాయి.

ప్రయోగశాలలో పెంచిన కణాలకు కుర్కుమిన్ చేర్చినప్పుడు ఆ కైనేజ్ చర్య తగ్గుతుంది. ఐ-కప్పా బి విచ్ఛిన్నం కాదు. సైటోకైన్‌ల ఉత్పత్తి తగ్గుతుంది.

మోతాదు సమస్య

ఇక్కడ ఒక విషయం గమనించండి. గాజుపాత్రలో కుర్కుమిన్ కణాన్ని నేరుగా చేరుతుంది. మనం మింగినది మాత్రం పేగుల్లో చాలా తక్కువగా శోషణ చెందుతుంది. శోషణ చెందినది కూడా పేగులు, కాలేయంలో త్వరగా మార్పు చెందుతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, 2 గ్రాముల కుర్కుమిన్ తీసుకున్నవారి రక్తంలోనూ అది దాదాపు కనిపించలేదు. మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే శోషణ పెరిగింది.

ఇప్పుడు లెక్క వేయండి. 3 గ్రాముల చెంచా పసుపులో కుర్కుమిన్ సుమారు 90 మిల్లీగ్రాములే. అంటే 2 గ్రాములకు 22 చెంచాలు కావాలి!

కూరలో పసుపు మానవలసిన పని లేదు. కానీ మీ ఇంట్లో రుమటాయిడ్ కీళ్లవాతానికి మందులు వాడుతున్నవారు ఉంటే, పసుపును నమ్ముకుని వాటిని ఆపనివ్వకండి. చికిత్స ఆపితే కీలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. శోషణ పెంచేలా తయారుచేసిన కుర్కుమిన్ మాత్రల వల్ల కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ నమోదయ్యాయి. డాక్టరును అడగకుండా వాటిని వాడరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఐ-కప్పా బి విచ్ఛిన్నం కాకపోతే సైటోకైన్‌ల ఉత్పత్తి ఎందుకు తగ్గుతుంది?
2. "కణాలలో పనిచేసింది కాబట్టి మనిషిలోనూ పనిచేస్తుంది." ఈ వాక్యంలోని లోపాన్ని వివరించండి.