సాక్ష్యం ఒక్క ఫోన్‌లోనే ఉంటే?

చుండూరులో దళితులపై ఊచకోత జరిగింది 1991 ఆగస్టులో. ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2007లో. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. ఒక అట్రాసిటీ కేసు అన్నేళ్లు నడుస్తుంది. మన చేతిలోని ఫోన్ నాలుగైదేళ్లు పనిచేస్తే గొప్ప. కానీ ఇవాళ వాడ మీద దాడి జరిగితే గాయాల ఫొటోలు, బెదిరింపు కాల్ రికార్డింగులు, ఎఫ్ఐఆర్ కాపీ అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటున్నాయి.

పరిశోధన కోసం ఊళ్లు తిరిగే రోజుల్లో నా ఫోన్ బస్సులో పోయింది. ఒక వాడలో పెద్దవాళ్లు చెప్పిన మాటలన్నీ అందులోనే ఉన్నాయి, రెండో కాపీ లేదు. మళ్లీ వెళ్లేసరికి వాళ్లలో ఒక పెద్దమ్మ చనిపోయింది. అప్పటి నుంచి ఏ రోజు రికార్డింగ్ ఆ రోజే క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నాను.

క్లౌడ్ అంటే మరేం కాదు, ఇంటర్నెట్ ద్వారా ఒక కంపెనీ కంప్యూటర్లలో మన ఫైళ్ల కాపీ పెట్టుకోవడం. ఫోన్ పోయినా, ఎవరైనా లాక్కుని పగలగొట్టినా ఆ కాపీ ఉంటుంది. ఊళ్లో తీసిన వీడియో గంటలో లాయర్‌కు చేరుతుంది. పేదవాడికి ఇది చిన్న లాభం కాదు.

దీనికి ఖర్చూ ఉంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మెయిళ్లు, ఫైళ్లు, 2021 జూన్ నుంచి ఎక్కించిన ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, లేదా నెలనెలా డబ్బు కట్టాలి. రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. రీచార్జ్ చేయక పాత నంబర్ పోతే ఓటీపీ రాదు, మన ఖాతా మనకే తెరుచుకోకపోవచ్చు. బ్యాకప్ అయిన ఫొటోను గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది.

అసలు ఖర్చు రూపాయల్లో లేదు. మామూలు ఖాతాలో ఫైళ్ల తాళంచెవి కంపెనీ దగ్గర కూడా ఉంటుంది. ఐటీ చట్టం సెక్షన్ 69 కింద ప్రభుత్వం ఆ సమాచారం అడగవచ్చు. మన ఫోన్ లాక్ తీయించినవాళ్లకు క్లౌడ్ కూడా తెరుచుకుంటుంది. సాక్షి పేరు బయటపడితే ఆ కుటుంబానికి కూలిపని ఆగిపోవచ్చు, ఊరు వెలివేయవచ్చు. సమాచారం బయటికి పోవడమంటే మన వాడల్లో ఇదీ.

అందుకని అన్నిటినీ ఒకేలా దాచకూడదు. కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల మెమోలు డిజిలాకర్‌లో దొరికితే అక్కడ పెట్టుకోవచ్చు. వాట్సాప్ బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి ఇంట్లో దాచాలి. సాక్షుల మాటలున్న ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టాకే ఎక్కించాలి, ఫైలు పేరులో మనిషి పేరు ఉండకూడదు. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో, నమ్మకమైన మనిషి దగ్గర, వేరే ఊళ్లో ఉండాలి.

క్లౌడ్‌లో ఉంది కదా అని అసలు ఫైలును, తీసిన ఫోన్‌ను వదులుకోవద్దు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం, డిజిటల్ కాపీని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు పోతాయి.

ఇప్పుడు నేను రికార్డర్ నొక్కే ముందే అడుగుతున్నాను, ఈ మాటలు ఎక్కడ దాచమంటారని. వద్దన్నవాళ్ల గొంతు క్లౌడ్‌లోకి ఎక్కదు.